ఆ చెయ్యి నాదే

సీ అల్లాలాకు ఆధారం కావాలి. రొట్టె లేకపోయినా ఒక పూట గడిపేస్తాడు, కాఫీ లేకపోయినా తలనొప్పిని ఓర్చుకుంటాడు. ఆధారం లేని మాట చెవిలో పడిందంటే మాత్రం, చెవిలో నీళ్లు దూరినవాడిలా తల ఒక పక్కకు వంచి, అది బయటికి వచ్చేదాకా ఊరుకోడు.

"ఏమండీ, భోజనం అయింది, రండి" అని భార్య నఫీసా పిలిస్తే, నేరుగా వచ్చి పీట మీద కూర్చోడు. వంటింట్లోకి వెళ్లి, గోధుమరవ్వతో వండిన కుస్కుస్ గిన్నె మూత తీసి, వేలితో ఒక గింజ నలిపి చూసి, "అవును, అయింది" అని తీర్పు చెప్పి అప్పుడు కూర్చుంటాడు. ఇది తన వంట మీద వెటకారమని కొత్తకాపురంలో నఫీసా రెండు మూడుసార్లు ఏడ్చింది. తర్వాత తర్వాత, ఆయన మూత తీయకపోతే ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడే స్థితికి వచ్చింది.

సముద్రం ఒడ్డునున్న బిజర్త్ ఊరిని రెండుగా చీల్చే కాలువ మీద ఒక వంతెన ఉంది. ఓడ వచ్చినప్పుడల్లా అది నిట్టనిలువుగా పైకి లేస్తుంది. ఊళ్ళో ఆలస్యంగా వచ్చిన ప్రతివాడికీ అదే సాకు. ఒకసారి నఫీసా తన చెల్లెలి ఇంటి నుంచి పొద్దుపోయి వచ్చింది.

"వంతెన లేచిందండీ" అంది చెప్పులు విప్పుతూ.

"ఏ ఓడ?"

"తెల్లది."

"పేరు?"

"అది నన్ను చూసి ఆగి పేరు చెప్పలేదండీ."

"అయితే నీ ఆలస్యం నిజం. వంతెన అనుమానం" అని సీ అల్లాలా మళ్లీ పత్రికలోకి దూరాడు.

ఈ గుణం ఆయన ఉద్యోగం వల్ల వచ్చిందని, పేరు ముందు గౌరవంగా 'సీ' చేర్చి పిలిచే ఊరివాళ్ల నమ్మకం. పురపాలక కార్యాలయంలో జనన మరణాలు నమోదు చేసే గుమాస్తాగా ఆయన తల నెరిసేదాకా పనిచేశాడు. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, సీ అల్లాలా సంతకం పడేదాకా అది పుకారే. బిడ్డను చంకనేసుకుని వచ్చిన తండ్రిని కూడా "పుట్టినట్టు కాగితం ఏదీ?" అని అడిగేవాడు. ఆ బిడ్డ ఆయన బల్ల మీదే తడిపి తన ఆధారం తాను ఇచ్చుకునేది.

ఉద్యోగ విరమణ తర్వాత అలాంటి మనిషి ఏం చేస్తాడు? కొందరు చేపలు పడతారు, కొందరు కోడళ్లను సాధిస్తారు. సీ అల్లాలా అంతర్జాలంలో ఒక విజ్ఞాన సర్వస్వాన్ని పట్టుకున్నాడు. దాన్ని ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ప్రతి వాక్యం పక్కనా ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాలి, లేకపోతే ఎవరైనా కొట్టేయవచ్చు. ఈ నియమం మొదటిసారి చదివిన రోజు ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ప్రపంచంలో తనలాంటి వాళ్లు ఇంతమంది ఉన్నారని అన్నాళ్లూ ఆయనకు తెలియదు. నఫీసాకు మాత్రం ఇంట్లో ఒక అల్లాలా ఉంటేనే ఇలా ఉంది, అందరూ ఒకచోట చేరితే ఎలా ఉంటుందోనని దిగులు పట్టుకుంది.

ఆ సర్వస్వంలో ఆయన ప్రాణం పెట్టి రాసిన పేజీ ఒకటే ఒకటి. అది ఖమయిస్ గురించి.

ఖమయిస్ ఒకప్పుడు ఊరి ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. రాజధాని నుంచి వచ్చిన పెద్ద జట్టు కొట్టిన పెనాల్టీని గాల్లోకి ఎగిరి ఆపినవాడు. ఆ సంవత్సరమే, గెలిచి తీరాల్సిన చివరి ఆటలో, పసిపిల్లాడు తన్నినట్టు నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చిన బంతి అతని కాళ్ల సందులోంచి లోపలికి పోయింది. జట్టు కింది తరగతికి పడిపోయింది. ఆ సాయంత్రం పాత రేవు దగ్గర కాఫీ హోటల్లో "అమ్ముడుపోయాడు" అని ఎవరో అన్నారు. మర్నాడు ఉదయం ఖమయిస్ రొట్టె తెస్తానని అక్క మన్నానాతో చెప్పి బయటికి వెళ్లాడు. ఇక రాలేదు. ఇది జరిగి ముప్పై ఏళ్ల పైమాటే.

మనిషి పోయాడు కానీ మాటలు మిగిలాయి. మాల్టాలో రొట్టెల దుకాణం పెట్టాడన్నారు. ఇటలీలో ఒక విధవరాలిని కట్టుకుని ఆవిడ ద్రాక్షతోటలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడన్నారు. పుచ్చుకున్న సొమ్ముతో సొంత పడవ కొన్నాడన్నారు. సర్వస్వంలో పేజీ రాగానే ఊరు ఊరంతా తనకు తెలిసింది అందులో ఎక్కించడం మొదలుపెట్టింది. వాళ్లు ఎక్కిస్తారు, సీ అల్లాలా దించుతాడు. పొద్దున్నే టీలో వేయించిన పైన్ గింజలు వేసుకుని కూర్చుని, రాత్రికి రాత్రి మొలిచిన పుకార్లను కలుపు తీసినట్టు తీసేవాడు.

వీటిలో ఎక్కువ కలుపు హత్తాబ్ నాటిందే. హత్తాబ్ అంటే ఖమయిస్ పినతండ్రి కొడుకు. ఒకరోజు బజార్లో ఎదురుపడి నిలదీశాడు.

"ఏం సీ అల్లాలా, నేను రాసిందల్లా కొట్టేస్తున్నావట. నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

"ముందు నిప్పు చూపించు. పొగ సంగతి తర్వాత చూద్దాం."

"ఊరంతా అంటోంది కదయ్యా."

"ఊరు పుట్టిన తేదీ, తండ్రి పేరు చెప్పు, సాక్షిగా రాసుకుంటాను."

అంతదాకా బాగానే ఉంది. నఫీసాకు ఒళ్లు మండింది ఇంకో సంగతికి. గోడకు అవతలి ఇల్లే మన్నానక్కది. డెబ్బై దాటిన మనిషి, పెళ్లి పెటాకులు లేకుండా ఆ ఇంట్లోనే తమ్ముడి కోసం కూర్చుండిపోయింది. ఒకనాడు ఎవరినో బతిమాలి రాయించుకుని, ఆ పేజీ అడుగున ఒక్క ముక్క చేర్పించింది. 'ఖమయిస్ లాంటి తమ్ముడు ఎవరికీ ఉండడు, వాడు చీమకు కూడా హాని చేయడు.' మధ్యాహ్నానికల్లా సీ అల్లాలా దాన్ని కొట్టేశాడు.

"రాతిగుండె మీది" అంది నఫీసా. "ఆ మాటకు కూడా ఆధారం కావాలా?"

"చీమలను అడిగారా?" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

ఆ పూట నఫీసా చేపలో హరీసా కారం ముద్ద రెండింతలు వేసింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటూ తిన్నాడు. కారం ఎక్కువైందని పూర్తిగా తినకముందే ఎలా తెలుస్తుందన్నాడు.

తర్వాత ఎక్కడెక్కడి సంపాదకులో వచ్చి ఈ పేజీ తొలగించాలని చర్చ పెట్టారు. అందరికీ మారుపేర్లే. 'ఎడారి డేగ' అనే ఆయన, తప్పిపోవడం ఒక్కటే ప్రాముఖ్యత కిందికి రాదనీ, రోజూ ఎంతోమంది తప్పిపోతుంటారనీ రాశాడు. ఇంకొకాయన, ఖమయిస్ ఇంకొంచెం ఘనంగా తప్పిపోయి ఉంటే బాగుండేదన్నాడు. మూడో ఆయన, మనిషి దొరికాక చూద్దామన్నాడు. సీ అల్లాలా పాత క్రీడాపత్రికల కట్టలు గ్రంథాలయం అటక మీద నుంచి దింపించి, తుమ్ముకుంటూ ఒక్కొక్కరికీ జవాబు రాశాడు. పెనాల్టీని కుడి చేత్తో ఆపాడని ఒక పత్రికలో ఉంది. ఆ ఆధారం చూపించాక డేగ రెక్కలు ముడుచుకుంది. పేజీ నిలిచింది.

అప్పుడు హత్తాబ్‌కు ఒక ఆలోచన వచ్చింది. మన్నానక్క ఉంటున్న ఇల్లు ఖమయిస్ పేరు మీద ఉంది. ఖమయిస్ చనిపోయినట్టు న్యాయస్థానం ప్రకటిస్తే అందులో సగం వారసత్వంగా హత్తాబ్‌కు వస్తుంది. రేవు ఎదురుగా ఉన్న ఇల్లు, హోటలు కట్టేవాళ్లు కాచుకుని ఉన్నారు. హత్తాబ్ పేజీలో 'సముద్రంలో మునిగి మరణించాడు' అని రాశాడు. సీ అల్లాలా గంటలో దాన్ని కొట్టేశాడు. కానీ ఆ గంటలోనే రాజధానిలో ఒక పత్రికాయన, పాత ఆటగాళ్ల మీద వ్యాసం రాస్తూ, ఆ వాక్యం చూసి ఉన్నదున్నట్టు ఎత్తిరాసుకున్నాడు. ఆదివారం పత్రికలో అచ్చయింది. సోమవారం హత్తాబ్ మళ్లీ పేజీలో 'మరణించాడు' అని రాసి, పక్కన ఆ పత్రికను ఆధారంగా చూపించాడు. మంగళవారం అదే పత్రికను న్యాయస్థానంలో దాఖలు చేశాడు.

సీ అల్లాలా తెరముందు కూర్చుని ఆ పత్రిక పేరు మళ్లీ మళ్లీ చదివాడు.

"కొట్టేయండి మరి" అంది నఫీసా వెనక నిలబడి.

"ఆధారం ఉంది నఫీసా."

"ఆ ఆధారం మీ పేజీలోంచే కదండీ దొంగిలించింది."

"అది నాకు తెలుసు. తెలిసినట్టు చూపించడానికి ఆధారం లేదు."

అయినా ఉండబట్టలేక ఆయన కొట్టేస్తే డేగ వచ్చి తిరిగి పెట్టింది. అచ్చయిన పత్రికను కాదనడానికి మీ ఆధారం ఏదని అడిగింది. ఇన్నేళ్లూ ఆయన ఊరందరినీ అడిగిన ప్రశ్నే అది. నఫీసాకు లోపల్లోపల కొంచెం సంతోషమైంది. గోడ అవతల మన్నానక్క ఇల్లు ఊడుస్తున్న చప్పుడు వినపడగానే ఆ సంతోషానికి సిగ్గుపడింది.

విచారణ ఇంకో వారంలో ఉందనగా, పేరు పెట్టుకోని ఎవరో ఇటలీ నుంచి ఆ పేజీలో ఒక చిన్న మార్పు చేశారు. 'మరణించాడు' జోలికే పోలేదు. పెనాల్టీ దగ్గర 'కుడి చేత్తో' అని ఉన్నదాన్ని 'ఎడమ చేత్తో' అని దిద్దారు.

సీ అల్లాలా అలవాటు ప్రకారం వెనక్కి తిప్పాడు. 'పత్రికలో కుడి చెయ్యి అని ఉంది. మీ ఆధారం?'

మళ్లీ ఎడమ చెయ్యి వచ్చింది. 'పత్రిక తప్పు. ఎడమ చెయ్యే.'

'మీకెలా తెలుసు?'

'ఆ చెయ్యి నాదే.'

సీ అల్లాలా అప్పటికే టైపు చేయడం మొదలుపెట్టాడు. 'సొంత అనుభవం ఆధారంగా చెల్లదు, దయచేసి నియమావళి...' అక్కడ వేళ్లు ఆగిపోయాయి.

ఇదంతా నఫీసాకు అప్పుడు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా, రెండు రోజుల తర్వాత పొద్దున్నే వంటింట్లోకి వస్తే భర్త నేల మీద కూర్చుని పచ్చి బఠాణీలు ఒలుస్తూ కనిపించాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన బఠాణీ కాయను తాకి ఎరగడు.

"వైద్యుణ్ణి పిలవనా?" అంది భయంగా.

"ఎందుకు?"

"ఆ సర్వస్వం ముందు కూర్చోలేదేం?"

"నిషేధించారు."

"ఎవరిని?"

"నన్నే. నెల రోజులు." ఆయన ఇంకో కాయ చీల్చాడు. "ఆధారం లేని వాక్యం పదేపదే రాసినందుకు."

నఫీసా పీట లాక్కుని కూర్చుంది. నిలబడి వినగలిగిన మాట కాదది.

"ఏం రాశారు?"

"'ఆయన బతికే ఉన్నారు' అని. డేగ కొట్టేసింది. మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేసింది. ఐదోసారికి నిర్వాహకులు వచ్చి నన్ను బయటికి గెంటారు. మర్యాదగానే గెంటారులే, ఇన్నేళ్ల సేవకు కృతజ్ఞతలు కూడా చెప్పారు."

"నిజంగా బతికే ఉన్నాడా?"

"నువ్వు ఖమయిస్‌వే అయితే ఎక్కడా అచ్చు కాని సంగతి ఒకటి చెప్పమన్నాను. చెప్పాడు." సీ అల్లాలా బఠాణీలను వేలితో అటూ ఇటూ దొర్లించాడు. "ఆట ఓడిన సాయంత్రం వాడు కాఫీ హోటల్ గుమ్మం దాకా వచ్చాడట. లోపల అందరూ వాడు అమ్ముడుపోయాడంటున్నారట. మూల కూర్చున్న బక్కపలచటి కుర్రాడొకడు లేచి, 'మీలో ఎవరైనా చూశారా?' అని అడిగాడట. అందరూ నవ్వారట. ఆ కుర్రాడు కూర్చోకుండా ఒక్కొక్కరినీ అదే అడిగాడట. అది విన్నాక కూడా లోపలికి రావడానికి కాళ్లు రాలేదు, క్షమించమన్నాడు."

"ఆ కుర్రాడు ఎవరు?"

ఆయన బఠాణీల్లో పడ్డ పురుగును తీసి పారేశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నఫీసా ఆ ఎర్రబడ్డ చెవుల వంక చూసింది. ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బని ఊరన్నది. ఆమె కూడా అదే నమ్మింది, ఏ ఆధారమూ అడక్కుండా.

"మరి మన్నానక్క రాసిన మాట ఎందుకు కొట్టేశారు?"

"అది ఉంటే ఇది ఇంటివాళ్లు రాసుకున్న పొగడ్తల పేజీ అని ఒక్క రోజులో మొత్తం పీకేసేవాళ్లు. పేజీ ఉండాలి. వాడు ఎక్కడున్నా ఏదో ఒక రోజు తన పేరు వెతుక్కుంటాడు. వెతుక్కున్నప్పుడు అందులో 'అమ్ముడుపోయాడు' అనే మాట కనపడకూడదు."

"ఆ సంగతి నాకు చెప్పవచ్చు కదండీ. చేపలో అంత కారం వేసేదాన్ని కాదు."

"వాడు వెతుక్కుంటాడని నా దగ్గర ఆధారం ఏముంది?"

బఠాణీలు అక్కడే వదిలేసి ఇద్దరూ గోడ అవతలికి వెళ్లారు. సీ అల్లాలా అప్పటికే ఖమయిస్‌తో ఫోన్లో మాట్లాడి, గొంతు గుర్తుపట్టి, అదీ చాలక మొహం కూడా చూపించమని చూశాడు. ఆ ముసలి మొహంలో ముక్కు ఒక్కటే పాతది. ముందు ఈ సంగతులన్నీ చెప్పి ఆమెను సిద్ధం చేద్దామని ఆయన ఉద్దేశం. నఫీసా ఆగలేదు. ఫోను కలిపి మన్నానక్క చేతిలో పెట్టింది.

"ఎవరూ?"

"అక్కా, నేను."

మన్నానక్క చేతిలోని చీపురు కింద పెట్టలేదు. "రొట్టె తెస్తానని వెళ్లి ఇంతసేపా?" అంది. ఆ తర్వాత అరగంట సేపు ఆమె తిట్టిన తిట్లు ఏ సర్వస్వంలోనూ ఎక్కించదగ్గవి కావు. మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "ఉత్తరం ముక్క రాయడానికి ఏం రోగం?" అని అడిగింది. ఇవాళ రాద్దాం, రేపు రాద్దాం అనుకున్నాననీ, ఆలస్యమైన కొద్దీ సిగ్గు పెరిగిందనీ అతను చెప్పాడు. ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

విచారణ రోజుకు ఖమయిస్ ఓడలో వచ్చాడు. న్యాయస్థానం గుమాస్తా అతన్ని ఎగాదిగా చూసి, దరఖాస్తు మృతుడి గురించి కాబట్టి మృతుడి తరఫున ఎవరైనా బంధువు రావాలన్నాడు. నేనే మృతుణ్ణని చెబితే, గుర్తింపు కార్డు గడువు తీరిపోయిందన్నాడు. హత్తాబ్ న్యాయమూర్తి ముందు చేతులు జోడించి, "అయ్యా, మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారు" అన్నాడు.

న్యాయమూర్తి సీ అల్లాలాను పిలిచాడు. ఆయన కూడా ఒకప్పుడు తన బిడ్డను చంకనేసుకుని వెళ్లి సీ అల్లాలా చేత తిట్లు తిన్నవాడే.

"ఈయన ఖమయిస్ అని మీరు చెబుతున్నారు. మీ ఆధారం?"

సీ అల్లాలా గొంతు సవరించుకున్నాడు.

"లేదండీ" అన్నాడు. "నాకు తెలుసు, అంతే."

న్యాయమూర్తి కలం కింద పెట్టి నవ్వాడు. ఆ నవ్వు గది అంతా పాకింది. గుమాస్తా కూడా నోటికి కాగితం అడ్డం పెట్టుకున్నాడు. చివరికి పాత గుర్తింపు కార్డు మీది వేలిముద్రలు తెప్పించి పోల్చి చూస్తే సరిపోయాయి. అవి ఎడమ చేతివో కుడి చేతివో ఎవరూ అడగలేదు. హత్తాబ్ అందరికంటే ముందు వచ్చి ఖమయిస్‌ను కౌగలించుకుని, నువ్వు బతికే ఉన్నావని నా మనసు ఎప్పుడూ చెబుతూనే ఉందన్నాడు. ఆదివారం పత్రికలో 'మరణించిన గోల్‌కీపరు విచారణకు హాజరు' అని వార్త వచ్చింది. దాన్ని ఆధారంగా చూపించి ఎడారి డేగ స్వయంగా పేజీ దిద్దింది.

నిషేధం తీరిన రోజు సాయంత్రం నఫీసా బయటికి వెళ్లేటప్పుడు వేసుకునే తెల్లటి సఫ్సారీ ముసుగు కప్పుకుని గుమ్మంలో నిలబడింది. పక్కింట్లో ఆ పూట ఇద్దరికీ భోజనం.

"ఇవాళ్టి నుంచి రాసుకోవచ్చట కదా. కాసేపు కూర్చుంటారా? అక్కతో ఆలస్యమవుతుందని చెబుతాను."

"చేప చల్లారిపోతుంది" అన్నాడు సీ అల్లాలా, చెప్పుల కోసం వెతుక్కుంటూ.

మన్నానక్క వాకిలి దాకా వచ్చేసరికి లోపలి నుంచి కేకలు వీధిలోకి వినపడుతున్నాయి. టమాటా ముందు వేయాలా ఉల్లిపాయ ముందు వేయాలా అని అక్కా తమ్ముడూ తగువులాడుకుంటున్నారు. ఇటలీలో ఇలాగే వేస్తారని అతను, అయితే ఆ ఇటలీకే పోయి తినమని ఆమె. గరిటె దేనికో తగిలి ఖణేలుమంది.

నఫీసా తలుపు తట్టబోయింది. సీ అల్లాలా ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. అరుగు మీది దుమ్ము చేత్తో దులిపి కూర్చుని, పక్కన ఆమెకు చోటు చూపించాడు.

"ఇంకాసేపు పోట్లాడుకోనీ" అన్నాడు.